టీమ్ ప్రెజెంటేషన్‌కి వెళ్ళాలా? "పేర్లు చదవడమే కదా" అన్న తమ్ముడికి

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నయ్యా, మా అక్కావాళ్ళు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉంటారు. 2027 జూలై 2న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు అక్కడే మొదలవుతోంది. రేసు చూడ్డానికి వెళ్తాను, అది ఖాయం. రెండు రోజుల ముందు టీమ్ ప్రెజెంటేషన్ అని ఒకటి ఉంటుందట. దానికోసం ఇంకో రెండు రోజులు సెలవు పెట్టి ముందుగా చేరాలా? స్టేజి ఎక్కించి పేర్లు చదవడమే కదా?"

తమ్ముడూ, ముందుగానే చేరు. సెలవు సరిపోక ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే నేనైతే రేసులో ఒక రోజు వదులుకుంటాను, ప్రెజెంటేషన్ మాత్రం వదులుకోను. నేను రెండు చూశాను. 2017లో జర్మనీలోని డుస్సెల్‌డార్ఫ్‌లో ఒకటి, 2022లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో ఒకటి. మొదటిది ఎలా చూడాలో తెలియక సగం పాడుచేసుకున్నాను. రెండోది కడుపు నిండా చూశాను. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెబితే నీకు పనికొస్తుంది.

నువ్వన్న మాట నిజమే, అక్కడ జరిగేది పేర్లు చదవడమే. వెళ్ళమని చెప్పేది కూడా అందుకే.

రోడ్డు పక్కన నిలబడి రేసు చూస్తే ఏం కనిపిస్తుందో ముందు చెబుతాను. చదునైన రోడ్డు మీద గుంపు గంటకు 45 కిలోమీటర్లకు పైనే వస్తుంది. ముందు మోటార్‌సైకిళ్ళు, కార్లు, పైన హెలికాప్టర్ చప్పుడు, ఆ తర్వాత గాలి ఒక్కసారి మొహానికి కొట్టినట్టు గుంపు మొత్తం దాటిపోతుంది. అంతా కలిపి అర నిమిషం. ఆ అర నిమిషంలో రంగులు కనిపిస్తాయి, చైన్లు తిరిగే శబ్దం వినిపిస్తుంది, మనుషులు మాత్రం కనిపించరు. టీవీలో అయితే ముందున్న పదిమందే కనిపిస్తారు. మిగతా నూట అరవై పైచిలుకు మంది మూడు వారాలు ఎండలో, వానలో తొక్కుతారు, బాటిళ్ళు మోస్తారు, గాలికి అడ్డం నిలబడతారు. వాళ్ళ పేరు ఎవరి నోటా రాదు. ఒక్క ప్రెజెంటేషన్ రోజు తప్ప.

ఆ రోజు ఒక్కో టీమ్‌ని స్టేజి మీదికి పిలుస్తారు. సాధారణంగా సైకిళ్ళ మీదే ర్యాంపు ఎక్కి వస్తారు, వరసగా నిలబడతారు, వ్యాఖ్యాత ఒక్కొక్కరి పేరు చదువుతాడు. 2017లో 22 టీమ్‌లు, టీమ్‌కి తొమ్మిది మంది, మొత్తం 198 పేర్లు. 2018 నుంచి టీమ్‌కి ఎనిమిది మందే. 2025లో 23 టీమ్‌లు, అంటే 184 పేర్లు. నిరుడు గెలిచినవాడి పేరూ చదువుతారు, మొదటిసారి టూర్‌కి వచ్చిన ఇరవై రెండేళ్ళ కుర్రాడి పేరూ అదే గొంతుతో చదువుతారు. ఫ్రాన్స్‌లో డానియెల్ మాంజాస్ అని ఒకాయన ఉన్నారు. 1974 నుంచి 2014 దాకా టూర్‌కి ఆయనే గొంతు. ఏ రైడర్ ఏ ఊరివాడు, ఏ చిన్న రేసులో ఎప్పుడు గెలిచాడు అన్నీ నోటికి చెప్పేవారు. మన దగ్గర పెళ్ళిలో గోత్రాలు, ప్రవరలు చదివే పంతులుగారిలా అనుకో. అంత శ్రద్ధగా ఒక సామాన్య రైడర్ పేరు చదివితే వాడి మొహం ఎలా మారుతుందో చూడ్డానికే ఆ రోజు వెళ్ళాలి.

ఇక డుస్సెల్‌డార్ఫ్ సంగతి. నేను బరంపురంలో పుట్టి పెరిగినవాడిని. పంపుల సర్వీసు ఇంజినీరుని. 2017 వేసవిలో కంపెనీ ఆరు వారాల ట్రైనింగ్‌కి జర్మనీ పంపింది. ఉండేది డుస్సెల్‌డార్ఫ్‌కి దగ్గర ఊళ్ళో. టూర్ అక్కడే మొదలవుతుందని టికెట్ బుక్కయ్యాక తెలిసింది. దేవుడే కలిపాడనుకున్నాను. జూన్ 29, గురువారం, రైన్ నది ఒడ్డున పాత ఊళ్ళో బుర్గ్‌ప్లాట్జ్ అనే చౌకు, అక్కడ స్టేజి. పని ఉదయమే ముగించుకుని, మధ్యాహ్నం రెండింటికే వెళ్ళి స్టేజికి ఎదురుగా జాగా పట్టుకున్నాను. మన ఊళ్ళో తోలుబొమ్మలాటకి చాప పరుచుకుని జాగా పట్టుకునే అలవాటు ఉంది కదా, అదే లెక్క.

అదే నేను చేసిన తప్పు. సాయంత్రానికి నా ముందు ఆరడుగుల మనుషులు గోడలా నిలబడ్డారు. వాళ్ళ భుజాల మీద పిల్లలు, పిల్లల చేతుల్లో జెండాలు. నేను ఐదున్నర అడుగులవాడిని. వెనక్కి వెళ్ళలేను, ముందుకు పోలేను, నీళ్ళ సీసా ఎప్పుడో అయిపోయింది. అప్పట్లో పెద్ద స్టార్ అయిన పీటర్ సగాన్ పేరు పిలిచినప్పుడు చౌకంతా ఊగిపోయింది. నాకు కనిపించింది మాత్రం పెద్ద స్క్రీన్ మీద అతని మొహం. టోనీ మార్టిన్ సొంత దేశంవాడు, టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడి తొక్కే రేసులో, అప్పటి ప్రపంచ ఛాంపియన్. అతనికి వచ్చిన కేకలకి నా చెవులు గింగురుమన్నాయి. చూశానా అంటే మళ్ళీ స్క్రీన్ మీదే. ఇంత దూరం వచ్చి టీవీ చూస్తున్నానే అని బాధేసింది. సగం టీమ్‌లు అయ్యాక, ఇక చాలు అనుకుని పక్క సందులోంచి బయటికి వచ్చేశాను.

ఆ సందు చివర బారికేడ్లు కట్టి ఉన్నాయి. స్టేజి దిగిన రైడర్లు ఆ దారినే బస్సుల దగ్గరికి తిరిగి వెళ్తున్నారు. జనం పెద్దగా లేరు. నలుగురైదుగురు పిల్లలు, ఒక ముసలాయన, నేను. రాళ్ళు పరిచిన దారి కావడంతో చాలా నెమ్మదిగా వస్తున్నారు. ఒక రైడర్ నా ముందే ఆగాడు. ఎడమ చేత్తో బారికేడ్ పట్టుకుని, పెడల్ మీంచి కాలు తియ్యకుండానే వంగి, షూ పట్టీ వదులు చేసుకున్నాడు. నాకూ అతనికీ మధ్య జానెడు దూరం. మోచేతి మీద పాత గాయం మచ్చ, నాణెమంత వెడల్పున, చర్మం అక్కడ మెరుస్తోంది. తొడ మీద నిక్కరు అంచు దగ్గర గీత గీసినట్టు పైన తెలుపు, కింద ఎండకి మాడిన రంగు. చేతులు ఎంత సన్నగా ఉన్నాయంటే, మా ఇంట్లో చదువుకునే పిల్లాడి చేతులు గుర్తొచ్చాయి. టీవీలో చూసి వీళ్ళు రాక్షసుల్లా ఉంటారనుకున్నాను. బక్కపలచని మనుషులు.

పక్కనున్న పాప టోపీ చాచింది. అతను మార్కర్ తీసుకుని రాయబోతే అది ఎండిపోయింది. ఊరుకోలేదు. మార్కర్‌ని రెండుసార్లు విదిలించి, తన అరచేతి మీద గీసి చూశాడు. మళ్ళీ గీశాడు. మూడోసారికి సిరా దిగింది. అప్పుడు టోపీ మీద సంతకం చేసి, మార్కర్ మూత జాగ్రత్తగా పెట్టి పాపకిచ్చాడు. అరచేతిలో నల్ల గీతలు అలాగే ఉన్నాయి. నా వైపు చూసి నవ్వి వెళ్ళిపోయాడు.

అతనెవరో అప్పటికి నాకు తెలియదు. రాత్రి గదికి వెళ్ళి స్టార్ట్ లిస్టు, అంటే రేసులో దిగేవాళ్ళ జాబితా, తెరిచి, ఆ టీమ్ రైడర్ల ఫొటోలు ఒక్కొక్కటి చూసి పోల్చుకున్నాను. ఆ రోజు నుంచి మూడు వారాలు ప్రతి స్టేజి (టూర్‌లో ఒక్కో రోజు రేసునీ స్టేజి అనే అంటారు) ఫలితాలూ కింది నుంచి పైకి చదివాను. మొదట గెలిచినవాడి పేరు కాదు, చివరి పేజీలో ఇతని పేరు ఉందా, ఇంకా రేసులో ఉన్నాడా అని. 198 మందిలో 167 మంది పారిస్ చేరారు. వాళ్ళలో అతనూ ఉన్నాడు. అంతకుముందు ఎనిమిదేళ్ళుగా టూర్ చూస్తున్నాను, ఒక్కసారీ ఆ చివరి పేజీ తెరవలేదు.

ఇంకో సంగతి. ఆ గురువారం స్టేజి మీద పరిచయం చేసినవాళ్ళలో స్పెయిన్ రైడర్ అలెహాంద్రో వాల్వెర్దే ఉన్నాడు. శనివారం వానలో 14 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. తడి మలుపులో జారి బారికేడ్లకి కొట్టుకుని అతని మోకాలి చిప్ప విరిగింది. రెండు రోజుల క్రితం పేరు పిలిపించుకున్న మనిషి మొదటి రోజే ఇంటిదారి పట్టాడు. నాలుగో స్టేజి అయ్యేసరికి సగాన్‌ని రేసు నుంచి తీసేశారు, బ్రిటన్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ భుజం ఎముక విరిగి వెళ్ళిపోయాడు. ఒంటి మీద గాయం లేకుండా, అందరూ ఒక్కచోట ఉండే రోజు ప్రెజెంటేషన్ రోజొక్కటే. ఆ తర్వాత రోజుకి ఒకరో ఇద్దరో తగ్గుతూనే ఉంటారు.

2022 నాటికి నాకు బుద్ధి వచ్చింది. మా చెల్లి, బావ స్వీడన్‌లో మాల్మోలో ఉంటారు. సముద్రం మీద వంతెన దాటితే కోపెన్‌హేగన్, రైల్లో ముప్పావు గంట లోపే. బరంపురం అప్పడాలు, ఆవకాయ మోసుకుని జూన్ చివరికి వెళ్ళాను. జూన్ 29, బుధవారం. స్టేజి టివోలి ఉద్యానం లోపల. అది ఎప్పుడూ టికెట్ పెట్టే పార్కే. ఈసారి దాని జోలికి పోలేదు. రైడర్లు ఊరి వీధుల్లో తొక్కుకుంటూ టివోలికి వస్తారని ముందే చదివాను. ఆ దారిలో ఒక మలుపు చూసుకున్నాను. మలుపులో సైకిల్ నెమ్మదిస్తుంది కదా, అందుకని.

ఆ జనాన్ని ఎలా చెప్పను? నువ్వు బరంపురం ఠాకురాణి యాత్ర చూసే ఉంటావు. రెండేళ్ళకోసారి అమ్మవారు పుట్టింటికొచ్చే రోజుల్లో రాత్రి ఘటం తిరుగుతుంటే, ఇంకా రెండు వీధుల అవతల ఉండగానే మనకి తెలిసిపోతుంది. డప్పు కన్నా ముందు జనం గొంతు వస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేస్తారు. కోపెన్‌హేగన్‌లో అచ్చం అదే. ఒక్కో టీమ్ వస్తుంటే కేక అలలాగా వీధి పొడవునా దొర్లుకుంటూ వచ్చేది. ఎవరో కనిపించకముందే డెన్మార్క్‌వాడో, బయటివాడో ఆ కేకని బట్టి చెప్పగలిగేవాళ్ళం. మా పక్కన ఒక పెద్దావిడ మడత కుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుని కూర్చుంది. మా చెల్లి స్వీడిష్‌లో, ఆవిడ డానిష్‌లో మాట్లాడుకున్నారు, ఒకరిది ఒకరికి అర్థమయింది. మన దగ్గర ఒడియా, తెలుగు కలిపి మాట్లాడుకున్నట్టే.

డెన్మార్క్ రైడర్ యోనాస్ వింగెగార్డ్ వచ్చినప్పుడు వీధి వీధంతా ఏకమైంది. అతను కొన్నేళ్ళ క్రితం దాకా పొద్దున్నే చేపల ఫ్యాక్టరీలో పనిచేసి, మధ్యాహ్నం సైకిల్ శిక్షణకి వెళ్ళినవాడు. గోపాల్‌పూర్‌లో తెల్లారేసరికి పడవల దగ్గర తట్టలు మోసే కుర్రాళ్ళని చూస్తాం కదా, అలాంటి పని చేసిన మనిషి. 2021 టూర్‌లో రెండో స్థానం తెచ్చుకుని సొంత దేశంలో స్టేజి ఎక్కాడు. ఆ జనం హోరుకి అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది నేను ఫోన్‌లోనే చూశాను, పక్కనున్న పెద్దావిడ కూడా నా ఫోన్‌లోకే వంగి చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ నెలాఖరుకి టూర్ గెలిచింది అతనే.

అయితే నా లెక్కలో ఆ సాయంత్రం వింగెగార్డ్‌ది కాదు, మైకేల్ మోర్కోవ్‌ది. పేరు ఎక్కువమందికి తెలియదు. గీత ముందు జరిగే ఆఖరి వేగపోటీని స్ప్రింట్ అంటారు. అందులో ఆఖరి కిలోమీటరులో తన స్ప్రింటర్‌ని వెనక పెట్టుకుని, గాలి తాను తిని, సరిగ్గా రెండు వందల మీటర్ల దగ్గర పక్కకి తప్పుకునే పని అతనిది. లీడౌట్ అంటారు. 2021లో కావెండిష్ నాలుగు స్టేజీలు గెలిచి బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్ 34 స్టేజి గెలుపుల రికార్డుని అందుకున్నాడంటే, ముందున్న చక్రం ఇతనిదే. టీవీలో ఆ ఆఖరి క్షణంలో కెమెరా స్ప్రింటర్ మీదికి వెళ్ళిపోతుంది, ఇతను తెర అంచులోంచి జారిపోతాడు. ఆ రోజు మా మలుపులో నెమ్మదించి, చెయ్యెత్తి, రెండు వైపులా తలూపుతూ వెళ్ళాడు. సొంత దేశపు జనం అతని పేరు పెట్టి పిలుస్తున్నారు. కావెండిష్ పేరు లేకుండా, అతని పేరొక్కటే. నేనూ గొంతు చించుకుని అరిచాను. నా వైపు చూశాడో లేదో పట్టించుకోలేదు.

తర్వాత రెండున్నర వారాలకి, పదిహేనో స్టేజిలో, కార్కసోన్ దారిలో మండుటెండ. మోర్కోవ్ మొదట్లోనే వెనకబడిపోయాడు. దాదాపు స్టేజి అంతా ఒక్కడే తొక్కి, గంటకు పైగా ఆలస్యంగా గీత దాటాడు. టైమ్ లిమిట్ దాటినందువల్ల రేసు నుంచి బయటికి. ఆగిపోయి కారెక్కి ఉండొచ్చు, ఎక్కలేదు. నేను అప్పటికి బరంపురం వచ్చేశాను. రాత్రి భోజనాలయ్యాక కూడా ఫోన్ పట్టుకుని అతను చేరాడా లేదా అని చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ "ఎవరండీ ఆయన, మనవాళ్ళా?" అని అడిగింది. మనవాళ్ళే అన్నాను. ఆ మలుపులో అతన్ని చూసి ఉండకపోతే ఆ రాత్రి నిద్రపోయేవాడిని. 2024లో కావెండిష్ 35వ స్టేజి గెలిచి మెర్క్స్‌ని దాటినప్పుడు టీమ్‌లో మళ్ళీ మోర్కోవ్ ఉన్నాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో పాయసం చేశారు.

ఇక నీకు కావలసిన విషయాలు.

తేదీ. ప్రెజెంటేషన్ మామూలుగా రేసుకి రెండు రోజుల ముందు. 2022లో కూడా రేసు శుక్రవారమే మొదలైంది, ప్రెజెంటేషన్ బుధవారం పెట్టారు. 2027 జూలై 2 కూడా శుక్రవారమే. ఆ లెక్కన జూన్ 30 అనుకో. కానీ టూర్ వెబ్‌సైట్‌లో ప్రకటించాకే విమానం టికెట్ తీసుకో. జూన్ 28కి అక్కడ ఉంటే ప్రయాణం బడలిక కూడా తీరుతుంది.

వీసా విషయంలో చాలామంది పొరబడతారు. ఎడిన్‌బరోకి యూరప్ దేశాలకి ఇచ్చే షెంజెన్ వీసా పనికిరాదు, బ్రిటన్ విజిటర్ వీసా వేరే. దానికి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి మాత్రమే అప్లై చెయ్యగలవు, అంతకంటే ముందు తీసుకోరు. కాబట్టి మార్చి నెలాఖరుకి కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకో. అక్క ఇచ్చే ఆహ్వానం ఉత్తరం, వాళ్ళ ఇంటి చిరునామా రుజువు, నీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు సెలవు ఉత్తరం. సెలవు ఉత్తరంలో తేదీలు టికెట్ తేదీలతో సరిపోవాలి. ఇక్కడ ఒక్క రోజు తేడా వచ్చి మా సైకిల్ గ్రూపులో ఒకబ్బాయి చాలా టెన్షన్ పడ్డాడు.

టికెట్. చాలా ఊళ్ళలో ప్రెజెంటేషన్ చౌకులో, ఉచితంగా జరుగుతుంది. అన్నిచోట్లా కాదు. 2014లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మొదలైనప్పుడు ఇండోర్ అరీనాలో పెట్టి టికెట్లు అమ్మారు. ఎడిన్‌బరోలో టికెట్ ఉంటే అధికారిక సైట్‌లోనే కొను, ఎవరో మిగిలిందని పెట్టిన పోస్టు నమ్మి డబ్బు పంపకు. టికెట్ దొరక్కపోతే దిగులు పడకు. లోపల కూర్చున్నవాడి కన్నా బయట దారిలో నిలబడినవాడికే రైడర్లు దగ్గరగా కనిపిస్తారు. ఇది నా రెండు అనుభవాల మీద చెబుతున్నాను.

ఎక్కడ నిలబడాలన్నది అన్నింటికన్నా ముఖ్యం. ముందురోజే ఆ వీధుల్లో ఒకసారి నడిచి చూడు. స్టేజి ఎక్కడుంది, రైడర్లు ఏ దారిన వస్తారు, దిగాక ఏ దారిన పోతారు, బస్సులు ఎక్కడ ఆపుతారు, ఈ నాలుగూ తెలుసుకో. బారికేడ్లు కట్టేవాళ్ళనో, టీషర్టు వేసుకున్న వాలంటీర్లనో అడిగితే చెబుతారు. బస్సుల నుంచి స్టేజికి, స్టేజి నుంచి బస్సులకి మధ్య ఎక్కడైనా ఎత్తు గానీ, మలుపు గానీ, రాళ్ళ దారి గానీ ఉంటే అదే నీ చోటు. ఎడిన్‌బరో పాత ఊరంతా రాళ్ళ దారులూ ఎత్తులే, నీకు చోట్లకి కొదవ ఉండదు.

బస్సుల దగ్గర ఒక గంటైనా గడుపు. రైడర్లకోసమే కాదు. మెకానిక్ సైకిల్‌ని స్టాండుకి బిగించి, చైన్‌కి బ్రష్ పెట్టి కడిగి, టైరు మీద బొటనవేలు నొక్కుకుంటూ చుట్టూ తిప్పి, చిన్న గాజుముక్క ఉందేమో వెతికే తీరు చూడు. మాలిష్ చేసేవాళ్ళు రోజుకి వందల కొద్దీ బాటిళ్ళు నింపుతారు, అన్నం ముద్దలు చిన్న చిన్న పొట్లాలు కడతారు. అవును, అన్నమే. మెత్తగా వండి, నొక్కి, ముక్కలుగా కోసి రేకులో చుడతారు, రైడర్లు తొక్కుతూ తింటారు. మన సద్దిమూట గుర్తొచ్చి చాలా సంతోషమేసింది. నేను మా గ్రూపుకి ఆ పద్ధతి నేర్పాను, తప్తపాణి ఘాట్ ఎక్కే రోజు ఇప్పుడు అందరి జేబుల్లోనూ అవే.

పలకరింపు గురించి. వాళ్ళు స్టేజికి వెళ్ళేటప్పుడు ఆపకు, టైము ప్రకారం పిలుస్తారు కాబట్టి తొందరలో ఉంటారు. దిగి వచ్చేటప్పుడు అడుగు. భుజం మీద చెయ్యి వెయ్యకు, హ్యాండిల్ పట్టుకోకు. మూడు వారాల రేసు ముందు చిన్న జలుబు చేసినా వాళ్ళ ఏడాది కష్టం పోతుంది. చెయ్యి కలపమని వాళ్ళు చాస్తేనే చాచు. పేరు పెట్టి పిలువు. నిజమైన తలతిప్పు దానికే వస్తుంది. పెద్ద స్టార్‌కి వందమంది పిలుపులు వినబడి ఏదీ వినబడదు. ఎవరూ పిలవని రైడర్‌ని పేరుపెట్టి పిలిస్తే ఆగి చూస్తాడు. మార్కర్లు రెండు పట్టుకెళ్ళు, రెండూ అదే ఉదయం కాగితం మీద రాసి చూడు.

స్టార్ట్ లిస్టు రేసుకి కొద్ది రోజుల ముందే ఖరారవుతుంది. ప్రింటు తీసి జేబులో పెట్టుకో. ప్రతి టీమ్‌లోనూ నీకు తెలియని ఒక పేరు ఎంచుకో, వాడి ఊరేదో, ఏం పని చేస్తాడో ముందురోజు రాత్రి చదువు. ఇరవైకి పైగా పేర్లు. రెండు గంటల పని. ఈ ఒక్కటి చేస్తే ఆ సాయంత్రం నీకు ఇంకోలా ఉంటుంది.

అక్కడ జూలైలో కూడా వాన, చలిగాలి ఉంటాయి. పలుచని రెయిన్‌కోటు, స్వెట్టరు, నీళ్ళు, తినడానికేదైనా పెట్టుకో. వెలుతురు రాత్రి పదింటి దాకా ఉంటుంది కాబట్టి తిరిగి వెళ్ళే దారి గురించి భయం అక్కర్లేదు.

ఎంత ప్రయత్నించినా సెలవు దొరక్కపోతే ఇంకో మార్గం ఉంది. ప్రతి స్టేజికీ ముందు ఉదయం రైడర్లందరూ వేదిక ఎక్కి సంతకం చెయ్యాలి. సైన్-ఆన్ అంటారు. అక్కడా టీమ్‌లవారీగా పిలుస్తారు, పేర్లు చదువుతారు. ప్రెజెంటేషన్ అంత తీరిగ్గా ఉండదు, అయినా అదే వరస. ఎడిన్‌బరోలో మొదటి స్టేజి రోజు ఫినిష్‌కోసం పరుగెత్తకుండా, పొద్దున్నే సైన్-ఆన్ దగ్గర నిలబడు. ఆ స్టేజి కార్లైల్‌లో ముగుస్తుంది. రెండోది కెజిక్ నుంచి లివర్‌పూల్‌కి, మూడోది వెల్ష్‌పూల్ నుంచి కార్డిఫ్‌కి. మూడు ఊళ్ళూ వెంటబడి తిరగాలనుకోకు, అలసిపోతావు. ఒక్క స్టార్టు, ఒక్క కొండ, చాలు. అన్నట్టు అదే ఏడాది మహిళల టూర్ కూడా బ్రిటన్‌లోనే, లీడ్స్ నుంచి మొదలవుతుంది. అక్కావాళ్ళు వేసవి చివరిదాకా అక్కడే ఉంటే ఆవిడని దానికి పంపు. జనం ఒత్తిడి తక్కువ ఉండేచోట పిల్లలతో చూడ్డం హాయి.

ఒక్క విషయం చెప్పి ఆపుతాను. కోపెన్‌హేగన్ నుంచి వచ్చాక మా గ్రూపువాళ్ళం గోపాల్‌పూర్ రోడ్డు మీద పిల్లలకి చిన్న రేసు పెట్టాం. పన్నెండు కిలోమీటర్లు, తెల్లవారుజామున, ట్రాఫిక్ లేచేలోపు. అంతకుముందు ఏళ్ళలో ఈల ఊది వదిలేసేవాళ్ళం. ఈసారి నేను పట్టుబట్టాను. టెంట్ హౌస్ నుంచి రెండు బల్లలు, ఒక మైకు తెప్పించాం. ముప్పై ఒక్క మంది పిల్లలు. ఒక్కొక్కరినీ పేరు, ఊరు, బడి, తరగతి చెప్పి బల్ల ఎక్కించాం. తెలుగు పిల్లలకి తెలుగులో, ఒడియా పిల్లలకి ఒడియాలో.

చికిటి వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఏడో తరగతి. వాళ్ళ నాన్న సైకిల్ మీద, సీటు ఎత్తుకి కాళ్ళు సరిగా అందక, అటూ ఇటూ ఒరుగుతూ. పేరు పిలిస్తే తల దించుకుని బల్ల ఎక్కి, అంతే వేగంగా దిగిపోయాడు. తర్వాతి పేరు పిలవబోతుంటే వాళ్ళమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. చేతిలో ఫోన్. "బాబూ, మావాడి పేరు మళ్ళీ ఒక్కసారి పిలవరా? నేను బటన్ నొక్కడం మరిచిపోయాను" అంది.

మళ్ళీ పిలిచాం. పేరు, ఊరు, బడి, తరగతి, అన్నీ. ఈసారి వాడు తలెత్తి ఎక్కాడు, వాళ్ళమ్మ చాలు అనేదాకా దిగలేదు.